బుజ్జి ఇచ్చిన చేతి సిగ్నళ్లు

టాటానగర్ యార్డులో షంటింగ్ జమాదారుగా నా ఆఖరి ఏడాది, జనవరి నెల. షంటింగ్ అంటే పెట్టెల్ని విడదీసి, తోసి, కావలసిన వరుసలో మళ్లీ కలపడం. జమాదారు అంటే పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్ల మీద పెద్ద. ఇంజను డ్రైవరుకి చేతులతోనే హుకుం ఇచ్చేవాడు. ఎనిమిదో క్లాసులో బడి నన్ను వదిలేసింది, నేనూ దాన్ని బతిమాలలేదు. నా చదువంతా ఈ చేతుల్లోనే.

రెండు చేతులూ పైకెత్తితే ఆగు. ఒక చెయ్యి కిందికీ మీదికీ ఊపితే దూరం పో. అడ్డంగా ఊపితే ఇటు రా. తలపైన రెండు చేతులూ దగ్గరకీ దూరానికీ ఆడిస్తే మెల్లగా వచ్చి కలుపు. చూశానని డ్రైవరు కూత వేస్తాడు. సైగ కనబడకపోతే బండి ఆపెయ్యాలి, అది రూలు.

ఇవన్నీ సరదాకి నా మనవరాలు బుజ్జికి నేర్పాను. ఏడాదిన్నర పిల్ల. వాళ్లమ్మ గౌరి పెరుగన్నం ముద్ద తెస్తే రెండు చేతులూ పైకి. అయినా ముద్ద వస్తుంటే ‘దూరం పో’. దగ్గర్లోని గోవింద్‌పూర్‌లో డ్యూటీ దిగి మా అబ్బాయి రాజు గుమ్మం ఎక్కితే తలపైన చేతులాడించేది, వచ్చి ఎత్తుకోమని. వాడు బుద్ధిగా నోటితో కూత వేసి కలిసేవాడు. దాని చేతుల ముందు ఇంటిల్లిపాదీ డ్రైవర్లమే.

రెండేళ్లు నిండవచ్చాయి. బుజ్జి నోట ఒక్క మాట లేదు. “రైల్వే పిల్ల కదా, లేటుగా వత్తాది” అని నేను జోకేశాను. గౌరి నవ్వలేదు.

“పిలిత్తే ఒకోపాలి తిరగదు మావయ్యా. దానికి ఇనబడతందో నేదోనని నాకు నిద్దర నేదు. మీకు ఎగతాళిగా ఉందేటి?”

ఆ వారమే సెలవు పెట్టాను.

బిష్టుపూర్ పేటలో చెవుల డాక్టరమ్మ దగ్గరకి వెళ్లాం. గది మూలల్లోంచి రకరకాల చప్పుళ్లు చేసి చూసి, పిల్ల చక్కగా వింటోందంది. గౌరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతలో బుజ్జి డాక్టరమ్మకి ‘దూరం పో’ ఇచ్చింది. అలవాటు కొద్దీ రాజూ నేనూ ఒక్కసారే కూత వేశాం. ఆవిడ సంగతి అడిగి తెలుసుకుని, సైగలు మంచివే, మానిపించకండి, మీరు మాత్రం కూతలు మాని ఆ మాట పైకి చెప్పి పని చెయ్యండి అంది. నా సర్వీసంతా వెతికినా ఇంత మర్యాదగా తిట్టిన ఆఫీసరు లేరు.

ఆ రోజు నుంచి ప్రతి సైగకీ మాట. “ఆగమంటావా? ఆగేను.” “రమ్మంటావా? వత్తన్నా.” మూడు వారాలు గడిచాయి. ఏమీ లేదు.

ఒక ఆదివారం పెరట్లో నులకమంచాన్ని ఎండలోకి లాక్కుంటూ వెనక్కి నడుస్తున్నాను. వెనక బుజ్జి రెండు చేతులూ పైకెత్తిందట. నా వీపుకి కళ్లెక్కడివి?

“ఆగు!”

ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయాను. ఆ కాలి కింద గుడ్డముక్క మీద పిల్లికూన, బుజ్జి పడుకోబెట్టినది.

గౌరి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. “కదలకండి మావయ్యా! మళ్లీ అననివ్వండి!”

“కాలు దించమని అది చెప్పాలమ్మా, నువ్వు కాదు.”

బుజ్జి కూనని ఎత్తుకుని, నా వైపు ఒక చెయ్యి కిందికీ మీదికీ ఊపి, “పో” అంది. పోయాను. నా ఉద్యోగంలో ఏ హుకుమూ అంత సంతోషంగా పాటించలేదు. ఆ డాక్టరమ్మని తలుచుకుని అక్కడి నుంచే దణ్ణం పెట్టాను.

చేతి సైగ చూసేవాడికే పనికొస్తుంది. వీపు తిప్పినవాడికి గొంతు కావాలి. రిటైరయ్యేదాకా మిగిలిన నెలల్లో, చెయ్యెత్తినప్పుడల్లా నోటితో కూడా అరవమని నా పాయింట్స్‌మన్లకి చెప్పాను. ఎవరు నేర్పారని వాళ్లడిగితే, మా ఇంట్లో పెద్దాఫీసరు అన్నాను.