నడుం తొక్కే పిల్ల

మా ఆయనకి నడుం పట్టేసి మంచం దిగటమే గగనమైతే, మొన్న నరసరావుపేటలో కొత్తగా పెట్టిన ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడ మందుబిళ్లల కంటే చేతులతోనే ఎముకలూ కండరాలూ సర్దుతారు. డాక్టరమ్మ మా చిన్నకోడలి ఈడుది. ఏళ్ల తరబడి కిరాణా కొట్లో గల్లాపెట్టె ముందు నుంచి కదలని ఆ మనిషిని బోర్లా పడుకోబెట్టి, వెన్ను పొడుగునా వేళ్లతో తడిమి, నొక్కి, తరవాత మోకాళ్లు వంచి బకెట్ ఎట్లా ఎత్తాలో నేర్పింది. పొద్దున్నే నడవమంది, సిగరెట్లు మానమంది, మంచినీళ్లు బాగా తాగమంది. అన్నీ అయ్యాక నా వైపు తిరిగి, "పిల్లల చేత నడుం తొక్కించటం లాంటివి మాత్రం చెయ్యకండమ్మా, ఎముకలకి మంచిది కాదు" అంది. నేను తలూపాను గానీ ఇంటికొచ్చేదాకా ఆ మాటే తలుచుకుంటూ ఉన్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో నాకున్న ఉద్యోగం అదొక్కటే మరి.

మాది పిడుగురాళ్ల. నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. రాయి తట్టలకెత్తుకుని బట్టీ మీదికి మోయటం, కాలి దిగిన సున్నాన్ని లారీలకెత్తటం. వంగి ఎత్తాలా, కూర్చుని ఎత్తాలా అని ఆయనకి చెప్పినవాళ్లు లేరు, బతుకంతా ఎత్తటమే అయినా. సాయంత్రం బట్టీ నుంచి వచ్చే మగాళ్లు కనురెప్పల దాకా తెల్లగా ఉండేవాళ్లు, ముఖాలు చూసి కాదు, నడక చూసి ఎవరి నాన్న ఎవరో పోల్చుకునేవాళ్లం. సున్నం మీద నీళ్లు పడితే ఒళ్లు మండిపోతుంది గదా, అందుకని నాన్న ముందు నూనె పట్టించి తుడుచుకుని, ఆ తరవాత స్నానం చేసి, వసారాలో గోనెపట్టా పరుచుకుని బోర్లా పడుకునేవాడు. "రావే అమ్మాయ్, ఎక్కు" అని పిలుపు వచ్చేది. నేను కిటికీ ఊచలు పట్టుకుని ఆయన వీపెక్కి, ఇంకాస్త కింద, ఆఁ, అక్కడే అంటుంటే అరికాళ్లతో వెతుక్కుంటూ తొక్కేదాన్ని. ఎక్కడో టక్కుమనేది. అబ్బ, ప్రాణం లేచొచ్చిందే అనేవాడు.

బట్టీ నుంచి వస్తూ వస్తూ నాకు బెల్లం జీళ్లు తెచ్చేవాడు. తినవే, నువ్వు బరువెక్కాలి, పిట్టంత ఉంటే నా నడుం నిన్ను లెక్కచెయ్యట్లేదు అనేవాడు. వీధిలో బాబాయి వరసవాళ్లు, అన్నా, మీ పిల్లని ఓ పూట మాకూ అప్పియ్యి అని అడిగితే, మీరూ కనండ్రా ఒకదాన్ని అని పకపకా నవ్వేవాడు. నాకైతే ఇంటిని నేనే మోస్తున్నానన్నంత గొప్పగా ఉండేది. ఆ నడుం పనిచేస్తేనే మా పొయ్యి వెలిగేదని నాకు అప్పటికే తెలుసు.

నేను పెద్దమనిషినయ్యాక నాయనమ్మ ఆ పని మాన్పించింది. ఎదిగిన పిల్ల తండ్రి మీద కాలు పెట్టకూడదంట. తమ్ముడేమో ఇంకా ఉయ్యాల్లో ఉన్నాడు. అమ్మ ఉంది గానీ, మొగుడికి పొరపాటున కాలు తగిలితేనే దణ్ణం పెట్టుకోవాలి, ఇక ఎక్కి తొక్కటమా, శివశివా! పాపం చేత్తో పిసికేది, చేతికి ఏం బరువుంటుంది? నాన్న మాత్రం ఎవర్నీ ఏమీ అడగలేదు. నడుముకి తువ్వాలు బిగించి కట్టుకుని, ద్వారబంధానికి వీపు రుద్దుకుంటూ, ఏందయ్యా అని అమ్మ అడిగితే ఏం లేదు, పట్టేసింది అనేవాడు. నొప్పి అన్న మాట నోట్లోంచి వస్తే మేస్త్రి మర్నాడు పనికి పిలవడని ఆయన భయం.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్న చోటు నుంచి లేవలేకపోయాడు. నాయనమ్మ దాచేపల్లిలో మా మేనత్త ఇంటికి వెళ్లి ఉంది. అమ్మ ఆయన్ని గోనెపట్టా మీద బోర్లా పడుకోబెట్టి, వీధి తలుపు దగ్గరగా వేసి, ఎట్లా తొక్కాలో చెప్పవే అని నన్ను అడిగింది. ముందుగా నాన్న పాదాలు రెండూ తాకి కళ్లకద్దుకుని, అప్పుడు కాలు పెట్టింది. నేను చెప్తున్నాను, ఆమె తొక్కుతోంది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి నాన్న గోనెపట్టాలోంచే, కూతురి కంటే పెళ్లామే నయమే అన్నాడు, అంత ఏడుపులోనూ అమ్మకి నవ్వొచ్చింది. వాళ్లిద్దర్నీ అంత దగ్గరగా నేను మళ్లీ చూడలేదు.

చల్లకని వచ్చిన పక్కింటి అత్త తలుపు తోసింది. ఇంకేముంది, పొద్దుగూకేసరికి వీధి వీధంతా ఫలానావాడి పెళ్లాం మొగుణ్ణి పడేసి తొక్కిందంట అని గుప్పుమంది. బట్టీలో వాళ్లు, అన్నా, ఇయ్యాల తొక్కుడు అయిందా అని రోజూ ఒకటే ఎకసెక్కం. నాయనమ్మ వచ్చి అమ్మని నానా మాటలూ అంది. అమ్మ అవన్నీ పడింది గానీ, నడుం చూసి ఉండబట్టలేక మళ్లీ తొక్కుతానని నాన్నని బతిమాలింది. చాల్లే, ఊళ్లో నేను తలెత్తుకు తిరగొద్దా అన్నాడాయన. తలెత్తుకు తిరగాలన్న మనిషి రానురాను నిజంగానే తలెత్తలేకపోయాడు, నడుం అట్లా వంగిపోయింది. బట్టీకి పనికిరాడన్నారు. అమ్మ కూలికెళ్లింది, ఆయన అరుగు మీద కూర్చుని నేల చూస్తూ ఉండేవాడు.

ఆయన పోయినప్పుడు ఆ వంగిన ఒళ్లు పాడె మీద వెల్లకిలా ఆనలేదు. నలుగురు మగాళ్లు, ఆ బాబాయిలే, ఒకరు మోకాళ్లు, ఒకరు ఛాతీ పట్టి నొక్కి తాళ్లు కట్టారు. గోడవార నిలబడ్డ అమ్మ ఒకటే మాట అంది, మెల్లిగా నొక్కండయ్యా, ఆయనకి నొప్పి అని.

డాక్టరమ్మ చెప్పింది నిజమే కావచ్చు. నా కాళ్లే ఆయన నడుముకి చేటు చేశాయో, ఆ మోత చేసిందో, ఇప్పుడు తేల్చేదెవరు? కాలం మాత్రం మారింది. మా ఆయన ఓ పరాయి ఆడపిల్ల చేత వీపు నొక్కించుకుని, ఇక్కడ నొప్పమ్మా, ఇక్కడ కూడా అని పసివాడిలా చెప్పుకున్నాడు. బయట బెంచీల మీద ఇంకా ఎంతోమంది మగాళ్లు వాళ్ల వంతు కోసం కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. చానా సంతోషం. ఈ సుఖం మా నాన్నకి దొరకలేదని కాదు నా ఏడుపు. దొరికింది. నలుగురూ నవ్వారని వద్దనుకున్నాడు చూడండి, అదీ నా ఏడుపు.