బావ ఓటు, బావమరిది ఓటు

గల్ఫులో షుఐబా అనే చోట ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను పదకొండేళ్ళు పర్మిట్ క్లర్కుగా పనిచేశాను. ఆయిల్ ప్లాంటు లోపల ఎవరు ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఒక కాగితం కావాలి. వెల్డింగ్ పనికైతే మరీ పట్టింపు. పని చేయించే ఫోర్‌మన్ ఒక సంతకం పెట్టాలి. సేఫ్టీ ఆయన వచ్చి గ్యాస్ ఉందో లేదో మీటర్‌తో చూసి రెండో సంతకం పెట్టాలి. ఆ కాగితాన్ని పికప్‌లో పెట్టుకుని ఈ క్యాబిన్ నుంచి ఆ క్యాబిన్‌కి తిప్పడమే నా ఉద్యోగం.

మా సైటులో ఆ రెండు సంతకాలూ ఈజిప్టు వాళ్ళవే. పైగా వాళ్ళిద్దరూ బావా బావమరుదులు. ఫోర్‌మన్‌కు అరవై దగ్గర పడుతున్నాయి. సేఫ్టీ ఆయనకు ఇంకా నలభై నిండలేదు. ఫోర్‌మన్ చెల్లెల్నే అతను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఇద్దరు ఆడపిల్లలతో నైలు నది పక్కన ఏదో చిన్న ఊళ్ళో ఉంటుంది. ఇక్కడ వీళ్ళిద్దరూ ఫహాహీల్లో ఒకే ఫ్లాటులో ఉండేవాళ్ళు. వంట ఫోర్‌మన్‌ది, గిన్నెలు కడగడం సేఫ్టీ ఆయనది.

మధ్యాహ్నం ముగ్గురం సేఫ్టీ క్యాబిన్లోనే తినేవాళ్ళం. వాళ్ళు రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజల ముద్ద తెచ్చేవాళ్ళు. దాన్ని ఫూల్ అంటారు. నేను అబ్బాసియాలో మా రూము నుంచి అన్నం, పప్పు తీసుకెళ్ళేవాణ్ణి. మా ఇంటి నుంచి వచ్చిన కారంపొడి ఫోర్‌మన్‌కి బాగా ఇష్టం. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ చెయ్యి చాపేవాడు. నా అరబీ సగం ఆ క్యాబిన్లో నేర్చుకున్నదే.

ఒక చలికాలం చివర వాళ్ళ దేశంలో రాజ్యాంగం మార్చాలని, దాని మీద జనాన్ని ఓటు అడుగుతారని వార్త వచ్చింది. ఓటులో పేర్లు, గుర్తులు ఏమీ ఉండవు. అవును అనాలి, లేకపోతే కాదనాలి. అవునంటే పైనున్న అధ్యక్షుడు ఇంకొన్నేళ్ళు ఉండే వీలుంటుందని, ఇంకేవేవో మారతాయని సేఫ్టీ ఆయన నాకు విప్పి చెప్పాడు. మొదట్లో ఆ మాటలు తిండి మధ్యలో కబుర్లలాగానే సాగాయి. వారం తిరిగేసరికి గొంతులు మారాయి.

ఫోర్‌మన్‌ది అవును. ఆయన తమ్ముడికి ఒకప్పుడు ఊళ్ళో ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం ఉండేది. దేశమంతా అల్లర్లుగా ఉన్న ఏడాది ఎవరో దాన్ని తగలబెట్టారు. తమ్ముడు మళ్ళీ కోలుకోలేదు. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన చేతిలో రొట్టె చల్లారిపోయేది. ఇల్లు, వీధి ప్రశాంతంగా ఉంటే చాలు, పైన ఎవరుంటే మనకేమిటి అనేవాడు. సేఫ్టీ ఆయనది కాదు. అదే ఏడాది అతను ఉద్యోగం వెతుక్కునే కుర్రాడు. అప్పటి అధ్యక్షుణ్ణి దిగిపొమ్మంటూ పద్దెనిమిది రోజులు మిత్రులతో కలిసి రాజధాని నడిబొడ్డున చౌకులో పడుకున్నాడట. అక్కడే అతని ఎడమ చెవి దెబ్బ తిని వినికిడి తగ్గింది. మళ్ళీ ఒకాయనే కుర్చీలో ఉండిపోతే ఆ చెవి ఎందుకు పోగొట్టుకున్నట్టు అనేవాడు.

ఒక మధ్యాహ్నం సేఫ్టీ ఆయన రొట్టె తుంచుతూ, పెద్దవాళ్ళు అలిసిపోయి దానికే తెలివి అని పేరు పెట్టుకుంటారని నవ్వుతూ అన్నాడు. ఫోర్‌మన్ నవ్వలేదు.

"నీలాంటివాళ్ళే మా తమ్ముడి దుకాణం కాల్చారు," అన్నాడు మెల్లగా.

"నేను కాల్చానా?"

"నువ్వు అగ్గిపుల్ల గీయలేదు. గీసినవాడి పక్కన నిలబడ్డావు."

సేఫ్టీ ఆయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఫోర్‌మన్ తన క్యాబిన్లోనే తిన్నాడు. ఫ్లాటులో కూడా ఎవరి వంట వాళ్ళదే అయిందని తర్వాత తెలిసింది. నాకు ఎక్కడ కూర్చోవాలో తోచక కొన్నాళ్ళు పికప్‌లో తిన్నాను.

వాళ్ళిద్దరే కాదు, సైటులో ఉన్న ఈజిప్టు వాళ్ళందరిలోనూ ఆ చీలిక కనిపించేది. పొద్దున కంపెనీ బస్సులో అవునంటున్నవాళ్ళు ముందు సీట్లలో, కాదంటున్నవాళ్ళు వెనకాల సర్దుకున్నారు. మధ్యలో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఏ మాటా అనరు. పైకి అంటే ఎవరు ఎక్కడ చేరవేస్తారోనని వాళ్ళ భయం. క్రేన్ నడిపే అతను మాత్రం, ఫలితం ముందే రాసి పెట్టుంటారు, దానికోసం ఎండలో నిలబడటం ఎందుకు అని అందరి ముందే విసుక్కునేవాడు. ఆ మాటకు ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ ఒకేలా కోపం వచ్చేది. చివరికి మేనేజరు నోటీసు బోర్డులో కాగితం అంటించాడు, పని చోట రాజకీయాలు మాట్లాడకూడదని. ఆ తర్వాత మాటలు ఆగాయి గానీ, సీట్లు మారలేదు.

బయటివాణ్ణి కాబట్టి నాకు అదంతా అతిగా అనిపించేది. ఒక ఓటుకు ఇంత దూరం వెళ్ళాలా అనుకునేవాణ్ణి. మూడేళ్ళ తర్వాత మా జిల్లాను విడగొట్టి రాయచోటిని కొత్త జిల్లాకు కేంద్రం చేసినప్పుడు నాకు అది అర్థమైంది. మాది రాయచోటి పక్కన పల్లె. మా రూములో వంట చూసే పెద్దాయనది అదే కొత్త జిల్లాలో పడిన రాజంపేట. నాకు చిన్నాయన వరస. ఆ కబురు వచ్చిన రోజు నేను సంతోషం పట్టలేక మిఠాయి పొట్లం తెచ్చాను. ఆయన ముట్టుకోలేదు.

"రాయచోటికొస్తే మీకు బాగుంటాది. మా పిల్లోళ్ళు ఒక సర్టిఫికెట్టు కోసరం అంత దూరం పోవాల్నా?" అన్నాడు.

నేను ఏదో సర్ది చెప్పబోయాను.

"మమ్మల్నెవురైనా అడిగినారా? ఓట్లు పెట్టి అడిగింటే, ఓడిపోయినా నోరు మూసుకోని ఉందుము. అడగనే ల్యా," అన్నాడు, పొట్లం నా వైపు జరిపి.

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఓటు పెట్టి అడిగినా ఇళ్ళు చీలిపోవడం నేను అప్పటికే కళ్ళారా చూసినవాణ్ణి. అయినా ఆయనకు ఆ సంగతి చెప్పలేకపోయాను.

సైటు సంగతికి వస్తాను. వాళ్ళ ఓటు రోజు ఇంకో వారం ఉందనగా ఒక పాత పైపులైను దగ్గర వెల్డింగ్ పని పడింది. ఫోర్‌మన్ సంతకం పెట్టి కాగితం నా చేతికిచ్చాడు. నలుగురు వెల్డర్లు, గుడ్డ మూతులకు చుట్టుకుని, అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. సేఫ్టీ ఆయన వెళ్ళి మీటర్ పెట్టి చూసి, సంతకం పెట్టనని కాగితం వెనక్కి ఇచ్చాడు. గ్యాస్ ఉంది, లైను మళ్ళీ కడిగించమన్నాడు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు కనుక ఆ సంగతి నేనే వెళ్ళి ఫోర్‌మన్‌కు చెప్పాను.

"అది మీటర్ చెప్పిందా, ఓటు చెప్పిందా?" అన్నాడాయన.

పక్కనున్న ఇద్దరు ముగ్గురు ముందు సీట్లవాళ్ళు తలలూపారు. ఈ మాట నేను ఎలా మోసుకెళ్ళాలి? పనిని కావాలని ఆపుతున్నాడని మేనేజరుకు రాస్తామని కూడా వాళ్ళలో ఒకతను అన్నాడు. నేను తిరిగి వెళ్ళి, ఫోర్‌మన్ ఒప్పుకోవడం లేదని మాత్రం చెప్పాను. సేఫ్టీ ఆయన నా మొహం చూసి మిగతాది ఊహించుకున్నట్టున్నాడు. మీటర్ తీసి నా చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్ళి ఆయన చేతికే ఇవ్వు. ఆయన్నే చూడమను. నాకంటే ముందు నుంచి ఈ పనిలో ఉన్నాడు," అన్నాడు.

ఫోర్‌మన్ మీటర్ అందుకుని పైపు అంచు దగ్గర వంగాడు. నేను వెనకాల నిలబడ్డాను. మీటర్ కీచుమంది. ఆయన చాలాసేపు అలాగే వంగి అంకె చూశాడు. తర్వాత లేచి వెల్డర్లను దూరంగా పొమ్మన్నాడు. లైను కడిగేసరికి మధ్యాహ్నం దాటింది. రెండోసారి మీటర్ సున్నా చూపింది, సేఫ్టీ ఆయన సంతకం పెట్టాడు. మేనేజరుకు ఎవరూ ఏమీ రాయలేదు. ఫోర్‌మన్ క్షమించమని అడగలేదు. బావమరిది కూడా ఆ మాట ఎత్తలేదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు వాళ్ళ ఎంబసీకి వెళ్ళి ఓటు వేయాలి. నా దగ్గర ఒక పాత కారుండేది. శుక్రవారం తీసుకెళ్తావా అని ఫోర్‌మన్ అడిగాడు, సరేనన్నాను. సాయంత్రం సేఫ్టీ ఆయన ఫోన్ చేసి అదే అడిగాడు, అతనికీ సరేనన్నాను. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. చెబితే ఇద్దరిలో ఒకరు టాక్సీ ఎక్కుతారని నా అనుమానం.

శుక్రవారం పొద్దున వాళ్ళ బిల్డింగు కింద కారు ఆపాను. మెట్లు దిగి ఇద్దరూ ఒకే కారు దగ్గరికి వచ్చి ఆగారు. ఫోర్‌మన్ నా వైపు ఒకసారి చూసి ముందు సీట్లో కూర్చున్నాడు. సేఫ్టీ ఆయన వెనక ఎక్కాడు. దారి పొడవునా ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూశారు.

ఎంబసీ ముందు లైను గోడ చుట్టూ తిరిగి వెనక వీధిలోకి పోయింది. కొందరు జెండాలు కప్పుకుని పాటలు పాడుతున్నారు. కొందరు తలవంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. కుటుంబాలతో వచ్చినవాళ్ళు పిల్లలకు జ్యూసు డబ్బాలు విప్పి ఇస్తున్నారు. ఆ రోజు దుమ్ము గాలి, పైన ఎండ. వాళ్ళిద్దరి మధ్య నలుగురు మనుషులున్నారు. నేను రోడ్డుకు ఇవతల, ఒక గోడ నీడలో నిలబడ్డాను.

గంట దాటాక ఫోర్‌మన్ గోడకు చెయ్యి ఆనించడం చూశాను. తర్వాత అక్కడే చతికిలబడ్డాడు. ఆయనకు షుగరు. పొద్దున హడావుడిలో ఏమీ తినలేదట. నేను రోడ్డు దాటేలోపు సేఫ్టీ ఆయన లైను వదిలి ఆయన దగ్గరికి చేరాడు. ఎవరి దగ్గరో జ్యూసు అడిగి తాగించాడు, తన టోపీ తీసి ఆయన తలకు పెట్టాడు. ఇంటికి పోదాం, ఇక చాలు, ఖలాస్, అన్నాన్నేను. ఫోర్‌మన్ తల అడ్డంగా ఊపాడు. ఓటు వేయకుండా రానన్నాడు.

అప్పుడు సేఫ్టీ ఆయన చేసిన పని నేను అనుకోనిది. లైను మొదటి దాకా వెళ్ళి, అక్కడున్నవాళ్ళను ఒక్కొక్కరినీ బతిమాలాడు.

"మా బావ. షుగరుంది, నిలబడలేడు. ఆయన్ని ముందు పోనివ్వండి."

ఒకతను గుర్తుపట్టినట్టున్నాడు, ఆ ముసలాయన ఏం వేస్తాడో తెలుసా అని నవ్వాడు. తెలుసు అన్నాడు సేఫ్టీ ఆయన. లైను కదిలి దారి ఇచ్చింది. ఫోర్‌మన్‌ను భుజం పట్టుకుని గేటు దాకా నడిపించి, తాను మళ్ళీ లైను చివరికి వెళ్ళి నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి ఇంకో రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఫోర్‌మన్ నా కారులో ఏసీలో కూర్చున్నాడు. ముందు పోదామా అని నేనొకసారి అడిగాను. వాడు రానీ అన్నాడు.

ఫలితం అవుననే వచ్చింది, చాలా తేడాతో. బస్సులో ముందు సీట్లవాళ్ళు కొంచెం గట్టిగా మాట్లాడుకున్నారు. క్రేన్ అతను నేను ముందే చెప్పానన్నాడు. సేఫ్టీ ఆయన కొన్ని రోజులు రొట్టె సగంలో వదిలేసి పనిలోకి వెళ్ళిపోయేవాడు. గెలిచినా ఫోర్‌మన్‌కు సంబరం లేదు. కాగితాల మీద సంతకాలు పెట్టి ఇస్తూ, వాడు తింటున్నాడా అని నన్ను రెండుసార్లు అడిగాడు.

రెండు వారాలకు రంజాను వచ్చింది. ఒంటరిగా ఉపవాసం విడవడం వాళ్ళలో ఎవరికీ నచ్చదు. ఫోర్‌మన్ మళ్ళీ ఇద్దరికీ కలిపి వండటం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం నన్నూ పిలిచారు. నేలమీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, ఖర్జూరాలు, పప్పు సూపు, అన్నం నింపిన మిరపకాయలు పెట్టారు. తింటుండగా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఆమే, ఒకరికి చెల్లెలు, ఇంకొకరికి భార్య. స్పీకరులో పెట్టారు. పిల్లల సంగతులయ్యాక, ఆమె ఓటు వేసిందా అని ఫోర్‌మన్ అడిగాడు. వేశానంది. ఏం వేశావని ఇద్దరూ ఒకేసారి అడిగారు.



"చెప్పను. చెబితే మీలో ఒకరికి నేను ఎదురు తిరిగినట్టవుతుంది. నాకు ఇద్దరూ కావాలి," అంది.

ఫోర్‌మన్ ఒక మిరపకాయ తీసి సేఫ్టీ ఆయన పళ్ళెంలో వేశాడు. ఆ తర్వాత ఆ ఓటు గురించి ఆ ఫ్లాటులో మాట్లాడుకోవడం నేను వినలేదు. అభిప్రాయాలేమీ కలవలేదు. ఒకరి అభిప్రాయం ఒకరికి తెలిసి, దాన్ని అలా పక్కన ఉండనిచ్చారు.

ఇంకో రెండేళ్ళకు ఫోర్‌మన్ ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. దారిలో చనువు తీసుకుని అడిగాను, ఇప్పుడు మళ్ళీ ఓటు పెడితే ఏం వేస్తావని.

"అదే వేస్తాను," అన్నాడు. కొంచెం దూరం పోయాక, "కానీ దుకాణం మాట అనను. వాడు కాల్చలేదని నాకు అప్పుడూ తెలుసు," అన్నాడు.

ఆ మాట అతనికి చెప్పావా అని అడిగాను. చెప్పలేదన్నాడు. నువ్వు చెప్పు అని కూడా అనలేదు. సామాను దించి, ఒకరినొకరం కౌగిలించుకుని వచ్చేశాను. మర్నాడు పర్మిట్ కాగితం తీసుకుని సేఫ్టీ క్యాబిన్‌కు వెళ్ళినప్పుడు మాత్రం, నన్నెవరూ అడగకపోయినా, ఆ మాట అతని కుడి చెవి పక్కన కూర్చుని చెప్పాను. అతను సంతకం పెట్టబోతూ ఆగి, మొత్తం ఇంకొకసారి చెప్పమన్నాడు.