ఛాసిస్‌కు బొట్టు

గల్ఫ్‌ తీరంలోని సీబ్‌ ఊళ్లో ఓ ఇంజనీరు దొర పెట్టెల్లో విడిభాగాలు తెప్పించుకుని, షెడ్డులో సొంతంగా కారు తయారుచేసుకుంటున్నాడు. ఇంకా రంగు వేయని ఆ కారు ఇనుప చట్రం, ఛాసిస్‌, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చూడటమే రెండేళ్లుగా పోశెట్టి డ్యూటీ. పొద్దున్నే చెమ్మ తుడుస్తాడు, కిరసనాయిలు గుడ్డతో రుద్దుతాడు, వేలితో మూలమూలకూ గ్రీజు పూస్తాడు. చేస్తున్నంతసేపూ ముఖంలో ఏమీ కనబడదు. నిరుడు దసరాకు ఆనవాయితీ తప్పకూడదని, ఓ చోట గ్రీజు తుడిచి, నీళ్లతో తడిపిన కుంకుమ బొట్టు పెట్టాడు. మర్నాటికి బొట్టు కింద తుప్పు లేచింది. దొర తిట్టాడు. పోశెట్టి దాన్ని గీకేశాడు. ఈ దసరాకు కుంకుమను గ్రీజులో కలిపి పెట్టాడు. తుప్పు పట్టలేదు.

"పోశెట్టన్నా, ఏం మొక్కుకున్నవ్?" అని రూమ్‌లో తనతో ఉండే మల్లేశం అడిగాడు.

పోశెట్టి వేళ్లకంటిన ఎర్ర గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"మొక్కుడు యాదికే రాలే" అన్నాడు.