కడుపులో దాచిన పుర్రె ఎముక

మా నాయన పుర్రెలోని అరచేతంత ఎముక మూడు నెలలు ఆయన కడుపు చర్మం కింద ఉండింది. ఆ సంగతి మా అమ్మకు ముందుగా చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాయన వేలూరు దగ్గర గుడియాత్తంలో మగ్గం నేసేవాడు. విరించిపురం దగ్గర బండి మీదనుంచి పడితే వేలూరులో ఒక ఆసుపత్రికి చేర్చారు. నేను ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో పనిలో ఉన్నాను. పక్కన అమ్మ ఒక్కతే. మెదడు వాచింది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారట. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగారట. తెలుగు అంది. అంతే, ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు నాలుగు పేజీల తెలుగు కాగితం చేతిలో పెట్టారు. అమ్మ పుట్టి బుద్ధెరిగి మాట్లాడింది తెలుగే గానీ, చదివింది అరవబడిలో ఐదో తరగతి. తెలుగు అక్షరం ముక్క రాదు. రాదని చెప్పడానికి సిగ్గుపడి అరవంలో సంతకం పెట్టేసింది. డాక్టర్లది తొందర పని, ఒప్పుకుంటాను. నోటితో రెండు మాటలు చెప్పడానికి ఎంతసేపు?

కట్టు విప్పిన రోజు నాయన తల ఒకపక్క అమ్మ చేతికి మెత్తగా తగిలింది. కడుపు మీద కుట్లు.

"మీ నాయన తలలో ఎముక యాడప్పా? కడుపులో ఏందో గట్టిగా ఉండాది, చూడు!" అని అమ్మ వార్డంతా వినబడేలా ఏడ్చింది.

అన్నీ కాగితంలో ఉన్నాయి గదా అని నర్సు విసుక్కుంది. చిత్తూరులో మా అత్త ఇంట చదువుకున్నాను కాబట్టి నాకు తెలుగు చదవడం వచ్చు. నిజమే, మూడో పేజీలో ఉంది. ఎవరికోసం ఉందో!

ఎముకను తిరిగి పెట్టే రోజు వచ్చింది. అమ్మ ససేమిరా అంది. "ఒక తూరి మోసపోయినాను, సాలు. ఇంక ఆయన్ని కోయనీను." నాయనేమో చిన్న దెబ్బ తగిలినా మెదడుకే ముప్పని, తలకు చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగేవాడు. బతిమాలి బతిమాలి విసిగి, అమ్మను ఆ ఆపరేషన్ చేసిన డాక్టరు ముందు కూర్చోబెట్టాను. ఆయన నావైపు తిరిగి మొదలుపెట్టాడు.

"నాకు కాదు సార్, ఆమెకు చెప్పండి" అని గట్టిగానే అన్నాను.

బల్లమీద ప్లాస్టిక్ పుర్రె ఉంది. ఆయన దాని పైభాగం తీసి, మెదడును కాచే ఎనిమిది ఎముకలూ అరవంలో చెప్పాడు. వాటి అతుకుల మీద అమ్మ వేలు పట్టి నడిపించాడు. ఏ ముక్క కోసిందీ, చెడిపోకుండా కడుపులో ఎందుకు దాచిందీ చూపించాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అమ్మ సంతకం పెట్టి పెన్ను తిరిగిచ్చింది. "ఇంతేనా నాయనా? ఆ పొద్దు ఇది చూపించేదానికి నీకేమి అడ్డమొచ్చినాది?"

డాక్టరు పుర్రెకు మూత పెట్టి, తరువాతి పేషెంటును పిలిచాడు.