మూడు మోటార్లు, ఒక సాసరు చాయ్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ లేని తొందరంతా మా అన్నయ్యకే ఉండేది. అన్నం చల్లారేదాకా ఆగడు, కుళాయి కింద బిందె నిండేదాకా ఆగడు. అమీర్‌పేటలో మా సందు చివర బస్సు కనిపిస్తే చాలు, అది ఎక్కడికి పోయే బస్సో చూడకుండానే పరుగెత్తేవాడు. నాకప్పుడు పదేళ్ళు, తనకి పద్నాలుగు. తను ఏ ఘనకార్యం తలపెట్టినా వెనకాల సామాను మోసేదాన్ని నేనే.

ఆ ఏడాది ఓడలో ఉద్యోగం చేసే మా చిన్నమామయ్య సెలవుకి వస్తూ సింగపూర్ నుంచి ఒక రాకెట్ పెట్టె తెచ్చాడు. పొడుగాటి అట్ట గొట్టం, దానికి ప్లాస్టిక్ ముక్కు, తోకకి పల్చటి చెక్క రెక్కలు, పైకి వెళ్ళాక విచ్చుకునే చిన్న గొడుగు. దాన్ని ఎగరేసేది మోటారు. మోటారంటే ఇనుపదేమీ కాదు, మందు దట్టించిన బొటనవేలంత గొట్టం. దాని కింద సన్నటి తీగ దూర్చి, దూరంగా నిలబడి మీట నొక్కితే, బ్యాటరీ కరెంటుకి తీగ ఎర్రబడి మందు అంటుకుంటుంది. మామయ్య దగ్గరుండి రెండుసార్లు ఎగరేయించాడు. రెండుసార్లూ రాకెట్ పక్కవాళ్ళ కొబ్బరిచెట్టు దాటి, గొడుగు విప్పుకుని బుద్ధిగా దిగి వచ్చింది.

మామయ్య మళ్ళీ ఓడెక్కేశాడు. పెట్టెలో మూడు మోటార్లు మిగిలాయి. ఇంకొకరైతే మూడు ఆదివారాలు సంతోషంగా గడిపేవాళ్ళు. అన్నయ్య మాత్రం మూడూ ఒకేసారి పెడతానన్నాడు.

మేడ మీద కూర్చుని రాకెట్ తోక కోసేశాడు. శుభలేఖల అట్టలతో చక్రాలు కత్తిరించి, మూడు మోటార్లు పట్టేలా దాన్ని వెడల్పు చేశాడు. చిక్కల్లా వెలిగించే దగ్గరే వచ్చింది. మోటార్లు మూడు, మిగిలిన తీగ ఒక్కటి. మూడూ ఒక్కసారే అంటుకోకపోతే రాకెట్ ఒక పక్కకి ఒరిగిపోతుందని తనకీ తెలుసు. అందుకని దీపావళి టపాకాయల్లోంచి వత్తులు లాగి, ఆ ఒక్క తీగ నుంచి మూడు మోటార్లకూ కలిపాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి ఖాలా పిట్టగోడ మీదుగా తొంగిచూసింది.

ఖాలా మా అమ్మకంటే పెద్దది. వీధిలో పిల్లలందరికీ ఆమె ఖాలాయే, అంటే పెద్దమ్మ వరస. ఎవరింటికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆమె ఇంటికి మాత్రం చాయ్ కోసం వెళ్ళేవాళ్ళం. సాసరులో అంచుదాకా పోసి ఇచ్చేది. చుక్క తొణకకుండా పట్టుకోవడమే ఒక విద్య. ఖాలాది పెద్ద చెయ్యి అని అమ్మ మెచ్చుకునేది. ఆ రోజు ఖాలా అన్నయ్యని తిట్టలేదు. "మీ అమ్మకు చెప్పమంటవా, నన్ను సుత తీస్కపోతవా?" అని మాత్రం అడిగింది. బేరం అక్కడే కుదిరిపోయింది.

ఆదివారం పొద్దున్నే అమ్మానాన్నలు బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్ళారు. వాళ్ళు వచ్చేలోపు మేం ఇల్లు చేరాలి. లేకపోతే అన్నయ్య వీపు విమానం మోత మోగడం ఖాయం. పంజాగుట్ట వైపు అప్పట్లో బండరాళ్ళూ తుమ్మచెట్లూ ఉన్న ఖాళీ జాగా ఒకటి ఉండేది. ఇప్పుడు మెట్రో రైల్లోంచి ఎంత చూసినా ఆ చోటు పోల్చుకోలేను. ఖాలా మా వెనకే బుట్టలో ఫ్లాస్కూ, పింగాణీ సాసర్లూ పెట్టుకుని వచ్చింది. రాకెట్ ఎగరేయడానికి వెళ్తూ పెళ్ళిచూపుల సామాను ఏంటని అన్నయ్య నవ్వాడు.

రాకెట్‌ని మట్టిలో గుచ్చిన ఇనుప ఊచకి తగిలించి, తీగలు కలిపి, అన్నయ్య వెనక్కి వచ్చాడు. మీట నా చేతికిచ్చాడు. నొక్కాను.

చిటుక్కుమంది. రాకెట్ కింద చిన్న పొగ లేచింది. అంతే, ఇంకేమీ లేదు.

తుస్సుమన్న బాంబు దగ్గరికి వెళ్ళకూడదని మాకు తెలియక కాదు. కానీ అన్నయ్య లెక్కలో అది టపాకాయ కాదు, సైన్సు. మీట వదిలితే కరెంటు ఆగింది, కరెంటు ఆగితే ఇక భయమేముంది? తను పెట్టిన వత్తుల సంగతి తనే మర్చిపోయాడు. తీగ ఊడిందేమో చూసొస్తానని ఒక అడుగు వేశాడు. ఖాలా ఆగమనలేదు. అడ్డంగా వచ్చి, నిండు సాసరు అన్నయ్య రెండు చేతుల్లో పెట్టింది. మా ఇంట్లో పెద్దవాళ్ళు చేతికిచ్చింది వద్దనే అలవాటు లేదు.

"తర్వాత తాగుతాను ఖాలా," అన్నాడు.

"తాగి పో బేటా. రాకెట్ యాడికి పోతది?"

చాయ్ పొగలు కక్కుతోంది. అన్నయ్య కళ్ళు రాకెట్ మీద, పెదవులు సాసరు అంచున. గబగబా ఊదుతుంటే తొణికి మణికట్టు కాలింది. కింద పెట్టబోతే, మట్టిలో పెట్టకు చీమలొస్తయి అంది ఖాలా. పోనీ నేను చూసొస్తానని లేచాను. నా చేతిలోనూ ఒక సాసరు పడింది. ఎలాగో తనది ఖాళీ చేశాడో లేదో, ఫ్లాస్కు వంచి మళ్ళీ అంచుదాకా పోసేసింది. అమ్మావాళ్ళు గుడి నుంచి బయల్దేరి ఉంటారు. అన్నయ్యకి ఏడుపొక్కటే తక్కువ. ఖాలా మొహం చూద్దును కదా, ఆమె మా వైపు చూడటమే లేదు. కన్నార్పకుండా రాకెట్ తోకవైపే చూస్తోంది. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది.

బుస్సుమని చప్పుడైంది.

మూడింటిలో ఒక్కటే అంటుకుంది. రాకెట్ ఊచ మీంచి దూకి ఒక పక్కకి ఒరిగి, వంగిన మనిషి మొహమంత ఎత్తులో నిప్పులు చిమ్ముతూ దూసుకుపోయి బండరాయికి కొట్టుకుంది. అక్కడ గిరగిరా తిరుగుతుంటే మిగతా రెండూ అంటుకుని గొట్టాన్ని చీల్చేశాయి. తీగ ఊడిందేమో చూడాలంటే ఎక్కడ వంగాలో, ఏ వైపు మొహం పెట్టాలో అన్నయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. తన చేతిలో సాసరు జారి పగిలింది. నేను ఏడ్చేశాను.

కాలిన అట్టముక్కలు పూర్తిగా చల్లారేదాకా ఖాలా మమ్మల్ని కదలనివ్వలేదు. తిరుగుదారిలో చెప్పింది. ఆమె చిన్నతనంలో ఒక షబే బరాత్ పండగ నాడు, పేలని పటాకా ఏమైందోనని తమ్ముడు వంగి చూశాడట. ఒక కన్ను పోయింది.

"నేను ఒద్దు ఒద్దని మస్తు ఒర్రిన," అంది. "ఒర్రితే ఎవరన్న ఆగుతరా? చేతులు ఖాళీగుంటే కాళ్ళు ఆగయి బేటా. గందుకే నిండ పోస్త."

పెద్ద చెయ్యి అని మేమనుకున్నది అది. అమ్మానాన్నల కంటే ముందే ఇల్లు చేరాం. వీపు విమానం మోత తప్పింది.

నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టాక, ఇంట్లో నిప్పు లేకుండానే రాజుకునే సంగతులు చాలా చూశాను. ఆఫీసులో ఎవరో ఏదో అన్నారని మా అబ్బాయి అప్పటికప్పుడు రాజీనామా పడేసొస్తానని చెప్పులు వేసుకున్న పొద్దున నేను వద్దనలేదు. సాసరు నింపాను. తిట్టుకుంటూనే తాగాడు, తాగాక చెప్పులు విప్పాడు. పేలనిదంతా ఆరిపోయినట్టు కాదు, ఆగమని అరిచినంత మాత్రాన మనిషి ఆగడు.

మొన్న సోమాజిగూడ ఆసుపత్రిలో అన్నయ్యకి కంటి శుక్లం తీశారు. మర్నాడు కట్టు విప్పాక, డాక్టరు ఇంకోసారి చూడాలి, ఆగమంటే ఎంతసేపని ఒకటే విసుగు. ఈ వయసులో ఈ కళ్ళతో ఇదొక పీడ అని గొణుగుతూ గుమ్మం వైపు నడిచాడు. శుక్లాలు రావాలన్నా ముందు కళ్ళంటూ ఉండాలి కదా అనుకున్నాను, పైకి అనలేదు. సంచీలోంచి ఫ్లాస్కు తీసి, సాసరు అంచుదాకా పోసి చేతిలో పెట్టాను. అన్నయ్య నా వైపు చూశాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సాసరు రెండు చేతులా పట్టుకుని, రెండు కళ్ళూ దాని మీదే పెట్టి, చుక్క తొణకకుండా ఊదుకుంటూ తాగాడు.