లేని శుక్రవారాలు

ఆ స్కూల్లో ప్రతి శుక్రవారం ఒకరిని స్టేజి ఎక్కించి, రాసింది అందరి ముందూ చదివిస్తారని నేను నా స్నేహితురాలితో చెప్పాను. అది అబద్ధం. అలాంటి శుక్రవారం ఒక్కటి కూడా లేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో "చెప్పాను" అని ఒక్క మాట రాసి వదిలేశాను. ఏం చెప్పానో రాయడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు నాకు పధ్నాలుగేళ్లు. హ్యూస్టన్‌లో ఉండేవాళ్లం. మా నాన్నా, తన నాన్నా వేరువేరు ఆయిల్ కంపెనీల్లో డ్రాయింగులు గీసేవాళ్లు. నేను ఎనిమిదో ఏట ఈ దేశం వచ్చాను, తను పదో ఏట వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం తెలుగు ఆరాధనలో కలిసేవాళ్లం. పొద్దున అమెరికన్ల ఆరాధన అయిపోయాక వాళ్ల చర్చి వెనక హాలు మాకిచ్చేవాళ్లు. మేం వెళ్లేసరికి వాళ్ల కాఫీ వాసన ఇంకా హాల్లోనే ఉండేది. పది పన్నెండు కుటుంబాల్లో నా ఈడు ఆడపిల్ల తనొక్కతే. అందుకని స్నేహితులమయ్యాం. ఏరి కోరి చేసుకున్న స్నేహం కాదు. ఉన్నది అదొక్కటే.

ఆ ఏడు మేం ఎనిమిదో తరగతి. ఇంటి దగ్గరి హైస్కూలుకు వెళ్లాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. అది కాక మాగ్నెట్ ప్రోగ్రాములని ఉండేవి. ఊళ్లో ఒక్కో హైస్కూల్లో ఒక్కో విద్య. పరీక్ష పెట్టి కొద్దిమందినే తీసుకునేవాళ్లు. పసుపు బస్సు ఊరి ఆ చివరకైనా తీసుకెళ్లేది. మేమిద్దరం రెండింటికి అప్లై చేశాం. ఒకటి ఇంజనీరింగ్, రెండోది సాహిత్యం, రచన. ఇంజనీరింగ్‌కి మా నాన్నలు పెట్టించారు. రెండోదానికి నేను పెట్టాను. నేను పెట్టానని తను పెట్టింది.

మాగ్నెట్ అన్న మాట మా అమ్మకు మింగుడు పడలేదు.

"సూదంటురాయి గురించి నాలుగేళ్లు ఏం చెప్తారండీ?" అని నాన్ననడిగింది.

"రాయి గురించి కాదే. ఊళ్లో పిల్లల్ని లాగుతుందని ఆ పేరు."

"లాగితే అందర్నీ లాగాలిగా. వీళ్లేమో ఏరుకుంటున్నారు."

"సూదంటురాయి మాత్రం? ఇనుమునే ఏరుకోదూ?" అన్నాడు నాన్న.

చర్చిలో ఒక అంకుల్ అయితే తీర్పే చెప్పేశారు. "రాతలు నేర్పేది మాగ్నెట్ ఎట్లా అవుద్దమ్మా? సైన్స్ ఉంటేనే అది మాగ్నెట్. రెండోది ఉత్త బడి." ఆ రోజు నుంచి మా హాల్లో ఇంజనీరింగ్‌కి సూదంటురాయి అనీ, నేను కోరుకున్నదానికి ఉత్త బడి అనీ పేర్లు స్థిరపడ్డాయి.

వసంతంలో ఉత్తరాలొచ్చాయి. తనకు రెండూ వచ్చాయి. నాకు ఉత్త బడి వచ్చింది, ఇంజనీరింగ్‌లో వెయిటింగ్ లిస్టులో పెట్టారు. తన తల్లి ఫోన్ చేసి, "రెండూ వచ్చాయి వదినగారూ, ఏది పంపాలో పాలుపోవట్లేదు" అంది. "అంతా దేవుడి కృప వదినగారూ" అని మా అమ్మ ఫోన్ పెట్టేసి, కడిగి బోర్లించిన గిన్నెలు మళ్లీ కడిగింది.

నాకు ఇంజనీరింగ్ రానందుకు బాధ లేదు. నాక్కావలసింది వచ్చింది. లైబ్రరీ నుంచి వారానికి ఎనిమిది పుస్తకాలు తెచ్చుకునేదాన్ని నేను. ఇంట్లో కుటుంబ ప్రార్థనలో వంతులవారీగా చదివించి మా అమ్మ నా తెలుగు పోనివ్వలేదు. ఆ తెలుగులోనే డైరీ రాసేదాన్ని. పుస్తకాలు నావి, రాయడం నాది అనుకుంటూ బతికాను. తనకు తెల్లటి పలువరస ఉంది, లెక్కలొచ్చు, చర్చి ఆంటీలందరూ తన జడ పట్టుకుని చూసేవాళ్లు. అవన్నీ తనకు వదిలేశాను. ఇదొక్కటీ నాకు అనుకున్నాను.

తర్వాత ఆ ఉత్త బడి వాళ్లు ఎంపికైన పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ ఒక సాయంత్రం పిలిచారు. కళ్లజోడుకు తాడు కట్టుకున్న పొడుగాటి టీచర్ ఒకావిడ లేచి, పరీక్షలో వచ్చిన వ్యాసాల్లో ఒకటి చదువుతాననీ, పేరు చెప్పననీ అంది. పరీక్షలో అందరికీ ఒకటే విషయం ఇచ్చారు. మీ ఇంట్లోని ఒక వస్తువు గురించి రాయాలి. నేను మా పుస్తకాల అలమర గురించి రెండు పేజీలు రాశాను. డిక్షనరీలో వెతికి దాచుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ అందులో వేశాను.

టీచర్ చదివింది నాది కాదు. తలుపు గొలుసు గురించి.

మా అమ్మ గొలుసు తియ్యకుండానే తలుపు తెరుస్తుంది, కాబట్టి ఈ దేశంలో మా అమ్మ చూసిన మనుషులందరూ నాలుగంగుళాల వెడల్పే ఉంటారు, అని మొదలైంది. అందరూ నవ్వారు. ఆ సందులోంచి కనిపించే పోస్ట్‌మాన్ ఒక కన్ను, సగం మీసం గురించి చదువుతుంటే ఇంకా నవ్వారు. చివర్లో పక్కింటావిడ కేకు పళ్లెం తెస్తుంది. పళ్లెం సందులో పట్టదు. తల్లి చాలాసేపు ఆలోచించి గొలుసు తీస్తుంది. పక్కింటావిడ అంత లావుగా ఉంటుందని ఆ రోజే తెలిసింది, అని ఆగిపోయింది వ్యాసం. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మా అమ్మ నా చెవి దగ్గరకు వంగి, "నీదేనా?" అంది. ఆ కళ్లు అలా మెరవడం నేను ఎప్పుడో గానీ చూడలేదు.

"కాదు" అన్నాను.

రెండు వరసల ముందు తను తలొంచుకుని కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఇంటికి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఆంటీ ఆ సందులోంచే నన్ను చూసి, "నువ్వటే" అని గొలుసు తీసేది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నాకది ఎప్పుడూ గొలుసులాగే కనిపించింది. పుస్తకాలు చదవని పిల్లకు, నన్ను చూసి అప్లై చేసిన పిల్లకు, అది వేరేలా కనిపించింది.

బయట మంచినీళ్ల కుళాయి దగ్గర తను నా మోచెయ్యి పట్టుకుంది. "నాదేనే చదివింది. ఇద్దరం ఇక్కడికే వద్దామే."

"మీ నాన్న ఒప్పుకుంటారా?"

"ఏడిస్తే ఒప్పుకుంటారు. కొంచెం ఎక్కువ ఏడవాలి, అంతే."

ఆ వారం నేను డైరీలో ఏమీ రాయలేకపోయాను. పెన్ను పట్టుకుంటే నాలుగంగుళాల మనుషులే గుర్తొచ్చేవాళ్లు. నాలుగేళ్లు ఒకే క్లాసులో కూర్చుంటాం. ప్రతిసారీ చదివేది తనదే అవుతుంది. మా అమ్మ ప్రతిసారీ "నీదేనా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నాలుగేళ్లు జవాబు చెప్పాలని నాకు లేదు.

తన గురించి నాకు ఒక్కదానికే తెలిసిన సంగతి ఒకటుంది. మా సండేస్కూల్లో కంఠత వాక్యం, అంటే బట్టీపట్టిన బైబిలు మాట, అప్పజెప్పాలి. ఒక్కొక్కరే ముందుకొచ్చి, పెద్దవాళ్లందరి ఎదురుగా నిలబడి చెప్పాలి. పదకొండో ఏట తను సగంలో మరిచిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, మొదటి మూడు మాటలే మళ్లీ మళ్లీ అని, ఏడ్చుకుంటూ వెళ్లి తల్లి ఒళ్లో మొహం పెట్టుకుంది. ఆ తర్వాత కంఠత వాక్యం ఉన్న ప్రతి ఆదివారమూ తనకు కడుపునొప్పి. ఆ నొప్పి ఎలాంటిదో నాతో మాత్రమే చెప్పింది.

ఏ స్కూలో టిక్ పెట్టి కార్డు పంపాల్సిన గడువు దగ్గరపడింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక హాలు వెనక మెట్ల మీద కూర్చుని పులిహోర తింటున్నాం.

"నాన్న సరే అన్నారు. రేపు కార్డు పోస్ట్ చేస్తున్నా" అంది.

నేను పేపర్ ప్లేటు అంచు మడుస్తూ, "శుక్రవారాల సంగతి తెలుసుగా నీకు?" అన్నాను.

"ఏం శుక్రవారాలు?"

"ప్రతి ఫ్రైడే ఒకళ్లని స్టేజి ఎక్కిస్తారట. రాసింది చదవాలట. స్కూలు స్కూలంతా వస్తారట."

"ఎవరన్నారు?"

"మొన్న వెళ్లినప్పుడు బాత్రూమ్‌లో ఒకమ్మాయి చెప్పింది. తప్పు పలికితే అక్కడే ఆపేసి మళ్లీ చెప్పిస్తారట."

తను తినడం ఆపేసింది. "పిలిస్తే వెళ్లకపోతే?"

"మార్కులు పోతాయి."

"కడుపునొప్పి అంటే?"

"ప్రతి శుక్రవారం వస్తుందా కడుపునొప్పి?" అన్నాను. ఇద్దరం నవ్వాం. తను ప్లేటు మెట్టు మీద పెట్టేసింది.

"నువ్వేం చేస్తావే మరి? నీకూ భయమేగా."

"నాకు ఇంకోటి రాలేదుగా" అన్నాను. నేను చెప్పినవాటిలో ఆ ఒక్కటే నిజం.

మర్నాడు కార్డు ఇంజనీరింగ్‌కి వెళ్లింది. పై ఆదివారం, ఉత్త బడి అని పేరు పెట్టిన అంకుల్, "చూశారా, సూదంటురాయి పట్టుకుంటే వదలదు" అని తన తల నిమిరారు. తన తండ్రి అందరికీ లడ్డూలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను.

నా స్కూలు మొదలైన వారంలోనే ఆ తాడు కళ్లజోడు టీచర్ నన్ను ఆపి, "తలుపు గొలుసు అమ్మాయి రాలేదేం?" అని అడిగింది. తనకు లెక్కలంటే ప్రాణమని చెప్పాను. "అయ్యో" అంది ఆవిడ. ఆ "అయ్యో"లో ఎంత దిగులుందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. ఆవిడ మా చేత ఎప్పుడూ పైకి చదివించలేదు. కాగితాలు తీసుకుని, అంచున ఆకుపచ్చ పెన్సిల్‌తో రెండు మాటలు రాసి తిరిగిచ్చేది. నా కాగితాల మీద ఎప్పుడూ "శుభ్రంగా ఉంది" అని ఉండేది. శుభ్రంగా ఉందని ఇల్లు తుడిచిన పనిమనిషితో కూడా అంటారు.

అబద్ధం ఒక్కసారి ఆడితే అయిపోతుందనుకున్నాను. అయిపోలేదు. ప్రతి ఆదివారం తను అదే మెట్ల మీద, "ఈ వారం ఎవరు చదివారే?" అని అడిగేది. ఎవరో ఒకరు చదవాలిగా. నీలం స్వెటర్ అమ్మాయి చనిపోయిన కుక్క గురించి చదివిందన్నాను. ఇంకో వారం ఒకమ్మాయి కాగితాలు చేతిలోంచి జారిపోయి, పేజీలు తారుమారై, ముందు ముగింపు చదివేసిందన్నాను. తను పడీ పడీ నవ్వింది. "తర్వాత?" అనేది. నీలం స్వెటర్ కుక్క పేరు పై నెల మారిపోకూడదని డైరీ చివరి పేజీల్లో అన్నీ రాసి పెట్టుకునేదాన్ని. తను మా ఇంటికొస్తే డైరీ పరుపు కింద దాచేదాన్ని. ఆ ఊళ్లో నా డైరీ చదవగల మా ఈడుది తనొక్కతేగా.

ఏడాదికి రెండుసార్లు నా వంతు కూడా పెట్టుకున్నాను.

"చదివావా? అంతమందిలో?"

"చదివాను."

"గొంతు వణకలేదూ?"

"మొదట్లో వణికింది" అన్నాను.

ఒకసారి ఆ కాగితాలు జారిన అమ్మాయిని కథగా రాసి క్లాసులో ఇచ్చాను. ఆకుపచ్చ పెన్సిల్ మొదటిసారి పేజీ అంచంతా నిండింది. సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ కథకు "తర్వాత? తర్వాత?" అని అడిగి రాయించింది ఎవరో నాకు తెలుసు.

తనను దూరంగా ఉంచితే అసూయ తగ్గుతుందని ఎలా అనుకున్నానో తెలియదు. మూడో ఏడు తను సన్నటి కర్రపుల్లలతో ఒక వంతెన కట్టింది. పోటీలో అన్నిటికంటే ఎక్కువ బరువు మోసింది అదే. వంతెన పక్కన నిలబడ్డ తన ఫొటో పేపర్లో పడింది. మా అమ్మ దాన్ని కత్తిరించి మా ఫ్రిజ్ మీద అయస్కాంతం బిళ్లతో అంటించింది. నాన్న ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా, "ఇదీ సూదంటురాయంటే" అనేవాడు. పాల కోసం నేను వెళ్లినప్పుడల్లా తను ఆ ఫొటోలోంచి నా వంక చూసి నవ్వేది. అంత సంతోషంగా ఉందంటే నేను చెప్పిన అబద్ధం తనకు మేలే చేసిందని అనుకోవాలి. నేనలా అనుకోలేదు. అక్కడ కూడా గెలిచిందనుకున్నాను.

మా హైస్కూలు అయిపోయే వేళకు ఆయిల్ కంపెనీలు మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టాయి. తన తండ్రి ఉద్యోగం పోయింది. కాలిఫోర్నియాలో ఏదో దొరికితే సామాను ట్రక్కుకెత్తారు. చివరి ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో అమ్మలిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు ఏడుస్తున్నారు. ఆ రోజు చెప్పేయాలని వచ్చాను. పొద్దున స్నానం చేస్తూ మాటలు కూడా వరసగా పేర్చుకున్నాను. శుక్రవారాలు లేవు, ఎప్పుడూ లేవు, నీ గొలుసు వ్యాసం విని ఓర్చుకోలేక అన్నాను. ఇంతే. మూడు మాటలు.

"నీకో సంగతి చెప్పాలే" అన్నాను.

అప్పటికే తన నాన్న కారు స్టార్ట్ చేశారు. తను నా రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత రెండు క్రిస్మస్‌లకు కార్డులొచ్చాయి, లోపల సంతకం తప్ప ఏమీ లేదు. మళ్లీ కలవలేదు. తను నాతో ఆఖరిగా అన్నది ఇదే:

"నేనే ముందు చెప్తా, నవ్వకు. నాలుగేళ్లూ నిన్ను చూసి కుళ్లుకుని చచ్చానే. నీకున్న ధైర్యంలో సగం నాకుంటే నేనూ అక్కడికే వచ్చేదాన్ని."