బియ్యం డబ్బాలో లైసెన్సు

ఆ ఎండాకాలమంతా మా బియ్యం డబ్బాలో ఒక లైసెన్సు కార్డు ఉంది. పెద్ద బస్సులు నడిపే లైసెన్సు, నన్ను వదిలేసి పోయిన నా మొగుడిది. దాన్ని అక్కడికి చేర్చిన తెలివి మా అన్నది.

బిడ్డ ఖర్చులకు నెలనెలా ఇంత ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆయన కొన్నాళ్లు ఇచ్చి మానేశాడు. మళ్లీ కోర్టుకెక్కాను. ఇక కట్టకపోతే వారెంటు, తర్వాత జైలు అని వకీలు చెప్పాడు. అప్పుడు నాంపల్లిలో కోర్టు బయటి ఇరానీ హోటల్లో రెండు వైపుల పెద్దమనుషులు చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. మావాళ్లలో మాట మీద నమ్మకం పోతే ఏదో ఒక వస్తువు కుదువ పెట్టాలి. ఆయన దగ్గర ఏముంది, బంగారమా, భూమా? పాత బస్సుల సేటు దగ్గర పని మానేసి, కొత్త చోట చేరదామని లైసెన్సు జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

“గా కార్డు చెల్లె చేతిల పెట్టు. పైసలు కట్టినంక తీస్కపో. అప్పటిదాంక కోర్టుల గడువు అడుగుతం” అన్నాడు మా అన్న.

అందరూ తలూపారు. నేనైతే అందరికంటే గట్టిగా ఊపాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ట్రావెల్సు సేట్లు అసలు కార్డు తమ గల్లాపెట్టెలో పడందే బండి తాళం ఇవ్వరు. దారిలో పోలీసులకు ఫోన్లో చూపిస్తే సరిపోతుంది, అది వేరే సంగతి. కార్డు తన దగ్గరుంటే డ్రైవరు నడిమధ్యలో ఇంకో చోటికి పోడని సేటు ధీమా. ఇంకేముంది, ఆయన నాంపల్లిలో బస్సుల మీదికి సామాన్లు ఎక్కించే పనికి దిగాడు. ఆ సంగతి విని మొదట్లో తిక్క కుదిరిందనే అనుకున్నాను. నా కడుపు అంత మండిపోయి ఉంది మరి.

కోర్టు వాయిదా ముందు రోజు మధ్యాహ్నం ఆయన ఆబిడ్స్‌లో నేను పనిచేసే చీరల దుకాణానికి వచ్చాడు. కొనడానికొచ్చిన ఆడవాళ్ల ముందే నా ఎదురుగా నిలబడ్డాడు.

“నాంపల్లి స్టేషన్ కాడ ట్రావెల్సు సేటు ఒకాయన డ్యూటీ ఇస్తనంటున్నడు. రేపు కోర్టుల కట్టెతందుకు అడ్వాన్సు గూడ ఇస్తడట. సాయంత్రం బండి పోయే లోపట కార్డు గావాలె. లేకుంటే ఇంకొకడు తయారుగున్నడు.”

“ముందుగాల పైసలు తే.”

“కార్డు లేకుంటే పైసలు యాడికెల్లి తేవాలె?”

“ఇస్తే మళ్ల నువ్వు దొరుకుతవా?”

ఆయన గొంతు తగ్గించాడు. “రేపు నన్ను లోపలేస్తరు. గాడ కూసొని బిడ్డకు ఏం పంపియ్యాలె, నువ్వే చెప్పు.”

ఎదురుగా కూర్చున్నావిడ ఆ చీరకు పైట కొంగు ఎట్లా ఉందో చూపించమంటే చూపించాను.

ఆయన పోయాక మేనేజరును బతిమాలుకుని ఆటో ఎక్కి కాచిగూడలో మా గదికి పోయాను. డబ్బాలో చేయి పెట్టి కార్డు తీశాను. తిరిగి వచ్చేటప్పుడు కోఠి దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, వెనక బస్సు. నా మొగుడు దుకాణానికి వచ్చి పోయిన సంగతి ఎవరో చెప్పారట, అప్పుడే అన్న ఫోన్ చేశాడు.

“ఇచ్చినవనుకో, వాడు మళ్ల కంటికి గూడ కనవడడు. నీకు బుద్ధి, అకల్ ఉందా?”

“నీ అకలే గద ఇంతదాంక తెచ్చింది” అని పెట్టేశాను. కానీ అన్న చెప్పింది అబద్ధం కాదు. కార్డు ఇస్తే మనిషి పోతాడు, ఇవ్వకపోతే జైలుకు పోతాడు. ఏది చేసినా నష్టం నా బిడ్డకే. ఆటోలో కూర్చుని నా మొగుణ్ణి, మా అన్నను, ఆ చాయ్ తాగిన పెద్దమనుషులందరినీ తిట్టుకున్నాను. ఆబిడ్స్ దాటాక ఇక ఆగలేక దిగి నడిచాను.

నాంపల్లి స్టేషను దగ్గర ఆ ట్రావెల్సు. బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఇంకో డ్రైవరు మెట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మా ఆయన నన్ను చూసి చేయి చాపాడు. నేను ఆ చేతిలో పెట్టలేదు. నేరుగా లోపలికి పోయి సేటు బల్ల మీద పెట్టాను. కార్డు కవరుకు అతుక్కున్న బియ్యపు గింజను సేటు గోటితో తీసేశాడు.

“సేటూ, కార్డు పెట్టినోళ్లకే మళ్ల ఇస్తవు గదా?”

“ఔనమ్మా. మా పద్ధతి గంతే.”

“అయితే పెట్టేది నేను. ఆయన పని ఇడిసిపెడితే నాకే ఇయ్యాలె.”

సేటు ఆయన వైపు చూశాడు, తర్వాత నా వైపు. “నువ్వు ఈయనకు ఏమైతవమ్మా?”

పెళ్లాన్నని చెప్పడానికి నోరు రాలేదు. కాదనడానికీ రాలేదు. బయట క్లీనరు బస్సును చేత్తో చరుస్తున్నాడు. ఆయన కావాలంటే ఆ ఒక్క నిమిషంలో నన్ను ఎవరో తెలియనిదాన్ని చేయగలడు.

“నా బిడ్డ తల్లి” అన్నాడు ఆయన నేలను చూస్తూ. “కార్డు ఆమెకే ఇయ్యిన్రి సేట్. అడ్వాన్సు గూడ.”

సేటు తాళం ఆయనకు, డబ్బు నాకు ఇచ్చాడు.